ఎర్ర కుట్టు పక్కన జాగా

పక్క ఖోలీలో, అంటే పక్క గదిలో, ఉండే ఆమె కూతురు సంచుల పని మొదలుపెడుతుందట. తోలూ కాన్వాసూ రెండూ కుట్టే పెద్ద మిషను కొనాలి, ధారావికి తోడు రమ్మని పోయిన వారం నన్ను అడిగారు. సరేనన్నాను. అంతటితో ఊరుకుంటే బాగుండేది. ఆ తల్లి గదుల ముందు గ్యాలరీలో నిలబడి, మా చాల్‌లో అన్ని గదులవాళ్లకూ వినబడేలా ఇంకో మాట కూడా అన్నది.

"నువ్వైతే దెబ్బ తిన్నదానివక్కా, నీకెరుక. ఒకప్పుడు మిషను కొనాలంటె ఆ ముసలాయన ఎంబడే పోతుంటిమి అందరం. నీ మిషను కాడ్నే గద ఆయన కన్ను పోయిన సంగతి బైటపడ్డది."

నేను తడిబట్టలు ఆరేస్తున్నాను. కాదు అనాలి. అనలేదు. నోట్లో క్లిప్పు ఉంది మరి. సాకులకేం, వెతికితే ఎప్పుడూ ఏదో ఒకటి దొరుకుతుంది నాకు.

మర్నాడు పొద్దున ఆ పిల్లను నేను మిషను కొన్న దుకాణానికే తీసుకుపోయాను. నాకు తెలిసింది అదొక్కటే. దుకాణదారు నన్ను గుర్తుపట్టలేదు. కుట్టి చూడ్డానికి ముక్క ఏదైనా తెచ్చారా అని హిందీలో అడిగాడు. సంచిలోంచి పాత కుట్లున్న తోలు పట్టీ తీసి బల్లమీద పెట్టాను. ఆయన చేతిలోని గ్లాసు పక్కన పెట్టి, పట్టీని రెండు చేతులతో అందుకున్నాడు.

"ఇది ఆ కామాటిపుర బుఢ్ఢాది కదా? ఏడీ ఆయన?"

ఈ వానాకాలంలోనే పోయాడని చెప్పాను. దుకాణదారు 'అరెరే' అని, పట్టీని బొటనవేలితో తడుముతూ నిలబడ్డాడు.

ఆయనకో పేరుంది. చావు కాగితం మీద మొదటిసారి చదివాను. ఇన్నేళ్లు పేరు లేకుండానే జరిగింది కాబట్టి ఇక్కడా అలాగే జరుపుతాను. మా గల్లీకంతా ఆయన మిషను మామ. మా అత్తకు మాత్రం అన్న. చుట్టరికం ఏమీ లేదు. ఇద్దరి తాతలూ ఒకే గుంపుగా రాళ్లు మోయడానికి ఈ ఊరొచ్చారట, ఆ లెక్కన అన్న.

చాల్ మెట్లకింద, నల్లా పక్కన ఆయన చోటు. తాపీ పనివాళ్లు పనిముట్లు వేసుకునే కాన్వాసు సంచులు, నడుముకు కట్టుకునే తోలు బెల్టులు కుట్టేవాడు. కళ్లద్దాలకు ఒక కాడ విరిగిపోతే సంచులు కుట్టే నైలాన్ దారమే చెవికి చుట్టుకున్నాడు. ఎడమచేతి చూపుడువేలి గోరు నిలువునా రెండుగా చీలి ఉండేది. చిన్నప్పుడెప్పుడో సూది దిగిందట. ఏదైనా చూపించాలంటే ఆ చీలిన గోటితోనే చూపించేవాడు.

కానీ ఆయనకు పేరొచ్చింది కుట్టినందుకు కాదు, చూసినందుకు. కామాటిపురలో మన తెలుగువాళ్లు ఎవరు పెద్ద మిషను కొన్నా ఆయన్ని వెంటబెట్టుకుని పోవాల్సిందే. మడతపెట్టిన పట్టీని చొక్కా జేబులో పెట్టుకుని ఆయన బయలుదేరితే, ఫోరస్ రోడ్ మూల మీద పాన్ డబ్బావాడి దాకా అందరూ ఆటపట్టించేవాళ్లు.

"ఏం మామా, సంబంధం చూడబోతున్నవా?"

"పెండ్లి నయం రా నాయనా. మొగడు పెండ్లాలు ఎట్లన్న సర్దుకుంటరు. ఇనుము సర్దుకోదు."

సంబంధం చూడ్డంలాగే ఉండేది మరి. మిషనును 'ఈమె' అనేవాడు. పాత మిషనైతే ముందుగా అడిగేది ధర కాదు. "ఈమె ఇంతకుముందు ఏడ పనిచేసింది? బూట్ల కార్ఖానాలనా, బండ్ల సీట్లు కుట్టే కాడనా?" అని. బూట్ల కార్ఖానా నుంచి వస్తే మెడ అరిగి ఉంటుందని అనుమానం, సీట్ల దుకాణం నుంచి వస్తే దారం బలంగా లాగుతుందని సంతోషం.

దుకాణంవాళ్లు చాయ్ ఇస్తే తీసుకునేవాడు, తాగేవాడు కాదు. నిండు గ్లాసు మిషను బల్లమీద పెట్టి, మోటారు ఆడించి, చాయ్ పైభాగం ఎలా వణుకుతుందో వంగి చూసేవాడు. అంతా అయి, అవునో కాదో తేల్చాకే ఆ చల్లారిన చాయ్ గుటుక్కున మింగేవాడు. "ముందే తాగితే నోరు మెత్తబడ్తది బిడ్డా. తాగిన చాయ్‌కి మొగమాటం ఉంటది." ఆయన వేడిగా తాగేది ఒకే ఒక్క చాయ్, మా ఇంటిది. నాలుగు గంటలకు మా అత్త అంచు సొట్టపోయిన స్టీలు గ్లాసులో పోసి కిందికి పంపేది.

తోలుకూ కాన్వాసుకూ చొక్కాలు కుట్టే మిషను ఎందుకు పనికిరాదని నేనొకసారి అడిగాను. ఆయన రెండు అరచేతులు ఒకదానిమీద ఒకటి పెట్టి, కింది చేతిని మాత్రం ముందుకు జరిపాడు. "చూసినవా, బట్ట కింది ఇనుప పండ్లు ఒక్కటే గుంజుతె పై పొర ఎన్కనే ఉండిపాయె. మనకు పైన పాదం సుత నడ్వాలె. సూది, పాదం, పండ్లు, ముగ్గురు ఒక్క అడుగేస్తెనే దొడ్డు బట్ట కదుల్తది." తర్వాత పట్టీ పరిచేవాడు. మూరెడు పొడవు గేదె తోలు, దానిమీద కాన్వాసు రెండు మడతలు, ఆపైన నాలుగు, ఆపైన ఆరు, మెట్లు మెట్లుగా. మోటారు ఆపి, చక్రం చేత్తో తిప్పుతూ సూదిని ఆ మెట్లు ఎక్కించేవాడు. "సాపు బట్ట మీద ఎవలన్న నడుస్తరు. గడ్డ ఎక్కి దిగాలె." కుట్టాక ముందు వైపు చూసేవాడు కాదు, తిరగేసి వెనక చూసేవాడు.

ఆయన నియమాల్లో అందరికీ విసుగు పుట్టించేది ఒకటుంది. ఏ మిషనునూ ఒకసారి చూసి కొననిచ్చేవాడు కాదు. పొద్దున వెళ్లి ఎర్రదారంతో పట్టీమీద ఒక గీత కుట్టేవాడు. ఇంకో మధ్యాహ్నం మళ్లీ పోయి, గంటసేపు ఖాళీగా ఆడించి, అది బాగా వేడెక్కాక ఆ ఎర్రగీత పక్కనే నల్లదారంతో రెండోది కుట్టేవాడు. అరిగిన మిషనుకు లోపల చిక్కటి గ్రీసు కూరి అమ్ముతారట. చల్లగా ఉన్నంతసేపు గ్రీసు దాని వదులునంతా పట్టి ఉంచుతుంది, చప్పుడు రానివ్వదు. వేడికి కరిగిందంటే లోగుట్టు బయటపడుతుంది. "పొద్దుగాల అందరు మంచోళ్లే బిడ్డా. చెమట పట్టినంక చూడాలె."

ఇంకొకటి, మా గల్లీ ఆనవాయితీ. మిషను ఇంటికి వచ్చిందంటే, పసుపునీళ్లలో ముంచి ఆరబెట్టిన కాన్వాసు ముక్క మీద తొలి కుట్టు వేయాలి. ఇంటివాళ్లు వేయకూడదు. చూసి, బాగుందని చెప్పిన మనిషి వేయాలి. ఆ కుట్టు పడిందంటే ఆ మిషనుకు ఆయన పూచీ అన్నమాట. మా గల్లీలో ఆ పసుపు ముక్కలు చాలా ఇళ్లల్లో గోడకు వేలాడుతున్నాయి, అన్నీ ఆయన కుట్టినవే.

ఇక నా సంగతి. రెండేళ్ల కింద, మహబూబ్‌నగర్ నుంచి వచ్చి బిల్డింగుల మీద పనిచేసే మన కూలీలకు పనిముట్ల సంచులు కుట్టి ఇవ్వమని ఒక మేస్త్రీ నన్ను అడిగాడు. అంతవరకు ఇంకొకరి మిషను మీద ఇంకొకరి పనే చేసినదాన్ని. మా అత్త తన చీటీ డబ్బు ఇస్తానన్నది, ఒకటే షరతు. "అన్న చూసి మంచిదంటెనే. లేకుంటే లేదు."

మామను తీసుకుని ధారావి పోయాను. పొద్దున్నే ఎర్రదారం గీత పడింది. ఆరు మడతల మెట్టు మీద కూడా ఒక్క కుట్టు తప్పలేదు. చాయ్ కదల్లేదు. నేను ఆయన మొహమే చూస్తున్నాను. పట్టీ తిరగేసి చూసి, "మంచిగనే కొడ్తున్నది" అన్నాడు. నా చెయ్యి అత్త ఇచ్చి పంపిన డబ్బు సంచి మీదికి పోయింది. వెంటనే, "ఈ రాత్రికి నేను ఈడ్నే మా బిడ్డ ఇంట్ల ఉంట. రేపు రెండు గంటలకు నువ్వు సీదా దుకాణానికే రా. నల్లదారం ఏసి తేలుస్తం" అన్నాడు.

నేను తల ఊపి బస్ స్టాపు దాకా వెళ్లాను. దుకాణంలో పనిచేసే మనిషి నా వెనకే వచ్చి, రేపు పొద్దునే ఇంకో గిరాకీ వస్తున్నాడు, ఉంటుందో ఉండదో అన్నాడు. మేస్త్రీ సోమవారం నుంచి సంచులు కావాలన్నాడు. ఆ ముసలాయన చాదస్తానికి మిషను చేజారిపోతుందని నాకు ఒళ్లు మండింది. సాయంత్రం ఒక్కదాన్నే మళ్లీ దుకాణానికి వెళ్లి, డబ్బు కట్టి, టెంపోలో ఎక్కించి ఇంటికి తెచ్చేశాను. అత్త అడిగింది, "అన్న చూసిండా?" చూశాడన్నాను. "మంచిదన్నడా?" మంచిగనే కొడుతున్నదన్నాడు, అన్నాను. అందులో అబద్ధం ఏ ముక్కలో ఉందో మీరే వెతకండి. నాకు తెలుసు ఎక్కడుందో.

మామ కూతురి నంబరు నా ఫోన్‌లో ఉంది. రేపు రావద్దని ఒక్క మాట చెప్పొచ్చు. ఏమని చెప్పాలో తోచక చెప్పలేదు.

మర్నాడు సాయంత్రం ఆయన కూతురింటి నుంచి వచ్చీ రాగానే మా అత్త తొలి కుట్టుకు పిలిచింది. వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. చొక్కా వీపంతా చెమటతో తడిసి ఉంది. మెట్లెక్కి వచ్చిన ఆయాసం అనుకున్నాను. గదిలో పసుపు కాన్వాసు, కొబ్బరికాయ, చుట్టూ ఆడవాళ్లు, మధ్యలో ఆ మిషను. ఆయన మిషను వంక చూశాడు, తర్వాత నా వంక. నేను దేవుడి పటం వంక చూశాను.

ఒక్క మాట అంటే నా బతుకు ఆ ఇంట్లో ఏమయ్యేదో ఆయనకు తెలుసు. చెప్పులు విడిచి లోపలికొచ్చి కూర్చున్నాడు. పసుపు ముక్కను పాదం కింద పెట్టి, చీలిన గోటితో సరిచేసి, చివరిదాకా ఒకే ఊపున కుట్టాడు. మా అత్త చేతులెత్తి దండం పెట్టింది.

నెల తిరక్కుండానే తెలిసింది. పొద్దున కుట్టినవి రాయిలాగా ఉండేవి, మధ్యాహ్నం దాటాక కుట్టినవాటిలో కుట్లు దాటేసేవి. నేను ముందువైపే చూసి పంపేదాన్ని. ఒకరోజు నాలుగో అంతస్తు పరంజా మీద ఒక సంచి పట్టీ ఊడి, సుత్తీ తాపీ కింద రోడ్డు మీద పడ్డాయి. ఆ సంచి తీసుకుని పాలమూరు కూలీ ఒకతను మా గ్యాలరీలోకి వచ్చాడు. కేకలు కూడా వేయలేదు. "కింద మనిషి ఉంటే ఏమైతుండె అక్కా?" అని అడిగి, సంచి నా కాళ్ల దగ్గర పెట్టి పోయాడు. వెనకే మేస్త్రీ మిగతా సంచులన్నీ తిప్పి పంపాడు.

చాల్ అంతా గ్యాలరీల్లోకి వచ్చింది. మా అత్త పైనుంచే అరిచింది. "అన్నా, నువ్వే చూసినవ్ గద! నువ్వే కుట్టేసినవ్ గద! ఎట్లయింది ఇది?"

ఆయన మెట్లకింద నుంచి బయటికొచ్చి, నల్లా దగ్గర నిలబడి పైకి చూశాడు. మా అత్తనే చూశాడు, పక్కనున్న నన్ను చూడలేదు. "నేనే చూసిన చెల్లె. కన్ను తప్పింది."

నేను ఆవిడ భుజానికి ఆనుకుని నిలబడి ఉన్నాను.

ఆ తర్వాత నాలుగు రోజులు ఆయన కిరసనాయిలు డబ్బా పట్టుకుని వచ్చి నా మిషను మొత్తం విప్పాడు. గ్రీసంతా కడిగి, అరిగినవి తీసి కొత్తవి వేసి, మళ్లీ బిగించాడు. అత్త నల్లాకు పోయినప్పుడు నేను గొంతు తగ్గించి అన్నాను, "మామా, అత్తకు నిజం చెప్పేస్త."

"ఏం చెప్తవ్? నాకు డెబ్బై దాటినై. నీకు ఇంక ముప్పై ఏండ్లు ఈ ఇంట్ల, ఈమె ముంగట కూసోవాలె. ఆ పానా ఇటియ్యి."

పానా ఇచ్చాను. నిజం చెప్పొద్దూ, నాకప్పుడు హాయిగా అనిపించింది. భారం దిగినట్టుంది. ఆ హాయికే ఇప్పుడు సిగ్గుపడుతున్నాను. ఆ మధ్యాహ్నం ఆయన దుకాణానికి వెళ్లాడా, ఎంతసేపు చూశాడు అని నేను ఎప్పుడూ అడగలేదు. అడిగితే చెప్తాడేమోనని భయం.

ఆ మిషను ఇప్పటికీ నడుస్తోంది, పొద్దునా సాయంత్రం ఒకేలా. మేస్త్రీ కూడా మళ్లీ పని ఇచ్చాడు. మామను మాత్రం ఎవరూ పిలవలేదు. గల్లీలోకి మిషను టెంపో వస్తే చాలు, ఆయన లేచి మూల దాకా నడిచేవాడు. దింపుతుంటే దూరం నుంచి చూసేవాడు. ఎవరైనా పిలుస్తారని కాసేపు నిలబడి, చెయ్యి ఒకసారి జేబు మీద వేసుకుని, తిరిగొచ్చేవాడు. ఒకసారి నన్నే అడిగాడు, "మూడో ఇంటోళ్లకు కొత్తది వచ్చింది గద, కొడ్తుంటే చప్పుడు ఎట్లున్నది బిడ్డా?" బాగుంది మామా, అన్నాను. "బాగుంటె చాలు" అన్నాడు.

నాలుగు గంటల చాయ్ కూడా ఆగిపోయింది. మా అత్త మాటంటే మాటే. "నమ్మితి గద నేను" అని ఆ సొట్టగ్లాసు పై అటకమీద పడేసింది. నేను దించలేదు.

ఈ వానాకాలం ఒక తెల్లారి ఆయన లేవలేదు. శవాన్ని ఎత్తేటప్పుడు మా అత్త గ్యాలరీలోంచి చూసింది, కిందికి దిగలేదు. పదకొండో రోజు ఆయన భార్య బట్టలు మూట కడుతూ పట్టీ నా చేతిలో పెట్టింది. "ఈ తోలుముక్క నేనేం చేస్కోను? నీకు పనికొస్తదేమో చూడు."

ఇంటికొచ్చి వెలుగులో చూశాను. ఎర్రగీత పక్కన నల్లగీత, ఎర్రగీత పక్కన నల్లగీత, జంటలు జంటలుగా. చిట్టచివరిది నాది. ఎర్రగీత ఒక్కటే. పక్కన నల్లదారానికి వేలెడు జాగా వదిలి ఉంది.

ఇదంతా నా తలలో తిరుగుతుండగా దుకాణదారు పట్టీని ఆ పిల్ల చేతికిచ్చి, ఆ ముసలాయన కథ చెప్పడం మొదలుపెట్టాడు. నేనెవరో తెలియకే చెప్పాడు.

"ఆయనతో ఆఖరిసారి ఒకామె వచ్చింది. ఆయన మర్నాడు చూద్దామంటే, ఆగలేక సాయంత్రమే ఒక్కతీ వచ్చి మిషను పట్టుకుపోయింది. మర్నాడు రెండు గంటలకు ముసలాయన ఎండలో వచ్చాడు, చేతిలో నల్లదారం ఉండ. మిషను లేదు, నీతో వచ్చినామె తీసుకుపోయింది అన్నాను. అదిగో ఆ స్టూలు మీద కూర్చున్నాడు. చాయ్ ఇచ్చాను. చూడ్డానికి మిషను లేదు కదా, వేడివేడిగా తాగేశాడు, నా దుకాణంలో అదే మొదటిసారి. గ్రీసు సంగతి తెలిసి తిడతాడేమో అనుకున్నాను. ఏమీ అనలేదు. చాలాసేపు కూర్చున్నాడు. పోయేముందు ఒకటే అడిగాడు. టెంపోలో తాడు గట్టిగా కట్టారా, ఆ పిల్ల ఒక్కతే ఎట్ల దింపుకుందో, అని."

పక్క ఖోలీ పిల్ల అప్పటికే పట్టీని మిషను కింద పెట్టింది, నా గీత పక్కన ఖాళీ ఉంది కదా అని. నేను చెయ్యి పట్టుకున్నాను.

"అక్కడొద్దు."

"కా మావశీ, ఎందుకు పిన్నీ? జాగా ఉంది కదా?" అంది. మన పిల్లలకు సగం మాట మరాఠీలోనే వస్తుంది.

"ఆ జాగా నాది. ఆ వచ్చినామెను నేనే."

దుకాణదారు నోరు తెరిచి నన్ను చూశాడు. నాకు ఏడుపు ఆగలేదు. ఆ స్టూలు మీదే కూలబడ్డాను. పిల్ల ఎర్రదారంతో పట్టీ ఇంకో కొసన గీత కుట్టింది, తనే తిరగేసి చూసుకుంది. దుకాణదారు ఇచ్చిన చాయ్ ముట్టుకోలేదు. "రేపు రెండు గంటలకి వస్తాం" అని ఆయనతో హిందీలో చెప్పింది.

ఇల్లు చేరేసరికి నాలుగు కావస్తోంది. గ్యాలరీలో ఆడవాళ్లంతా ఉన్నారు, పక్క ఖోలీ ఆమె ఉంది, మా అత్త బియ్యం చేట ముందు కూర్చుని ఉంది. చెప్పులు కూడా విప్పకుండా, నిలబడి, మొదటి నుంచి చివరిదాకా చెప్పేశాను. ఆయన మంచిదని తేల్చలేదని. రేపు రమ్మన్నాడని. నేనే ఆగలేదని. తెలిసి కూడా ఆయన తొలి కుట్టు వేశాడని. ఆయన కన్ను ఏనాడూ తప్పలేదని.

పక్క ఖోలీ ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మా అత్త నన్ను కొడుతుందనుకున్నాను, కొడితే బాగుండు అనుకున్నాను. ఆవిడ చేట కింద పెట్టి, లోపలికి పోయి, స్టూలెక్కి అటకమీద చెయ్యిపెట్టి తడిమింది. సొట్టగ్లాసు తీసి, దుమ్ము కొంగుతో తుడిచి, ఒళ్లో పెట్టుకుని గుమ్మంలో కూర్చుంది.

"రెండేండ్లు ఆ మనిషికి చాయ్ పంపకపోతి గదనే," అంది.

ఆ సాయంత్రం మా ఇంట్లో పొయ్యి మీద చాయ్ గిన్నె ఎక్కలేదు.